దయ్యం సాక్ష్యం చెల్లుతుందా?

1978 వసంతంలో జర్మనీలోని అషాఫెన్‌బర్గ్ కోర్టులో టేపు రికార్డరు పెట్టి ఒక గొంతు వినిపించారు. ఇరవై మూడేళ్ల అమ్మాయి గొంతు. అరుపులు, గుర్రుమనే శబ్దాలు, తిట్లు, వాటి వెనక ఆగకుండా సాగే ప్రార్థన. ఆ అమ్మాయి అప్పటికి చనిపోయి రెండేళ్లు కావస్తోంది. టేపులు వినిపించింది డిఫెన్సు పక్షం. ఈ గొంతు విన్నాక లోపల దయ్యం లేదని ఎవరనగలరన్నది వాళ్ల ధీమా. న్యాయమూర్తులు విన్నారు. దయ్యం ఉందో లేదో తేల్చే పని మాత్రం పెట్టుకోలేదు. మనిషి కళ్లెదుట చిక్కిపోతుంటే డాక్టరును ఎందుకు పిలవలేదన్న ప్రశ్న దగ్గరే నిలబడి తీర్పు చెప్పారు.

ఆ విచారణే 2005లో 'ది ఎగ్జార్సిజం ఆఫ్ ఎమిలీ రోజ్' అనే హాలీవుడ్ సినిమాకు మూలం. కోర్టు కథనూ దయ్యం కథనూ ఒక్క గాటన కట్టిన సినిమాల్లో ఇంత పేరు తెచ్చుకున్నది మరొకటి లేదు. దాని తర్వాత జర్మనీ, రుమేనియా, మళ్లీ అమెరికా ఇదే దారిలో సినిమాలు తీశాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. దయ్యం ఉందా లేదా అని కోర్టు అడిగిన సినిమాలు మనల్ని భయపెడతాయి. ఆమెకు అన్నం ఎవరు పెట్టారని అడిగినవి మాత్రం ఆ అమ్మాయికి న్యాయం చేస్తాయి. రెండూ ఒకేసారి చేసిన సినిమా నాకింకా కనబడలేదు.

ముందు అసలు కథ చెప్పుకోవాలి. అన్నెలీజ మిషెల్ 1952లో బవేరియాలో పుట్టింది. క్లింగెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో, నిష్ఠ గల కతోలిక కుటుంబంలో పెరిగింది. పదహారో ఏట, 1968లో, మొదటిసారి మూర్ఛ వచ్చింది. వైద్యులు మూర్ఛరోగమన్నారు, మందులు రాశారు. చదువులో చురుకైన పిల్ల. వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరింది, టీచరు కావాలనుకుంది. మందులు వాడుతున్నా ఆమెకు భయంకరమైన ముఖాలు కనబడడం, నువ్వు నరకానికి పోతావని చెప్పే గొంతులు వినబడడం ఆగలేదు. శిలువను చూస్తే తట్టుకోలేకపోయేది. మందుల మీద నమ్మకం సడలింది. తనకు పట్టింది రోగం కాదని ఆమే అనుకోసాగింది. ఇంట్లోవాళ్లు నమ్మారు, దగ్గరి ఫాదర్లు నమ్మారు. 1975 సెప్టెంబరులో వుర్జ్‌బర్గ్ బిషప్ యోసెఫ్ స్టాంగల్ అనుమతి ఇచ్చారు. ఫాదర్ ఎర్న్‌స్ట్ ఆల్ట్, ఫాదర్ ఆర్నాల్డ్ రెన్జ్ 1614 నాటి రోమన్ క్రతువు ప్రకారం దయ్యాలను వెళ్లగొట్టే ప్రార్థనలు మొదలుపెట్టారు.

పది నెలల్లో 67 సార్లు ఆ క్రతువు జరిగింది. వారానికి ఒకటి రెండు సార్లు, కొన్నిసార్లు గంటల కొద్దీ. వాటిలో 42 టేపుల మీదికెక్కాయి. లూసిఫర్, కయీను, యూదా, నీరో, హిట్లర్, ఫ్లైష్మన్ అనే పతనమైన ఒక పాత ఫాదర్: ఈ ఆరుగురూ తనలో ఉన్నారని ఆమె గొంతు చెప్పింది. దారి తప్పిన యువతరం తరఫున, తప్పు చేసిన ఫాదర్ల తరఫున తాను ప్రాయశ్చిత్తం చేస్తున్నానని ఆమె నమ్మింది. రోజుకు వందల సార్లు మోకరిల్లి లేచేది. మోకాళ్లు దెబ్బతిన్నాయి. చివరి నెలల్లో తిండి మానేసింది. 1976 జూన్ 30న చివరి ప్రార్థన జరిగింది. మర్నాడు ఆమె చనిపోయింది. అప్పటికి ఆమె బరువు 30 కిలోల పైచిలుకు. పోషకాహారం లేక, ఒంట్లో నీరు లేక పోయిందని పోస్ట్‌మార్టం తేల్చింది.

ముద్దాయిలు నలుగురు: ఇద్దరు ఫాదర్లు, తల్లీ తండ్రీ. నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారన్నది అభియోగం. ప్రాసిక్యూటర్ అడిగింది చాలా తక్కువ. ఫాదర్లకు జరిమానా చాలన్నాడు. తల్లిదండ్రులది నేరమేనని తేల్చినా శిక్ష వద్దన్నాడు, కూతుర్ని పోగొట్టుకోవడమే వాళ్లకు శిక్ష అని. కోర్టు అంతకన్నా ముందుకెళ్లింది. 1978 ఏప్రిల్ 21న నలుగురికీ ఆరేసి నెలల జైలుశిక్ష వేసి, అమలు నిలిపి, మూడేళ్లు ప్రొబేషన్‌లో ఉంచింది. ఆ స్థితిలో ఉన్న అమ్మాయి తన మేలు తాను చూసుకోలేదు గనక చుట్టూ ఉన్నవాళ్లే వైద్యం అందేలా చూడాల్సిందన్నది తీర్పు సారాంశం. అనుమతి ఇచ్చిన బిషప్పు మాత్రం బోనెక్కలేదు. ఈ విచారణకు ఏడాది ముందే, 1977 మేలో, యోసెఫ్ రాట్జింగర్‌ను మ్యూనిక్ ఆర్చిబిషప్పుగా అభిషేకించింది ఆయనే. రాట్జింగర్ తర్వాత పోప్ బెనెడిక్ట్ అయ్యాడు. ఈ దయ్యం వదిలించే తంతు ఏ మూలనో, చదువురాని పల్లెలో జరిగిందనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక సినిమా. స్కాట్ డెరిక్సన్ దర్శకుడు, పాల్ హారిస్ బోర్డ్‌మన్‌తో కలిసి రాసుకున్నాడు. డెరిక్సన్ క్రైస్తవ విశ్వాసి. ఆ విశ్వాసాన్ని దాచుకోలేదు, తెర మీద ప్రచారమూ చేయలేదు. అతని ఎత్తుగడ చాలా తెలివైనది. ఎమిలీ మరణానికి ముద్దాయి అయిన ఫాదర్ మూర్ తరఫున వాదించే లాయరు ఎరిన్ బ్రూనర్‌కు దేవుడి మీద నమ్మకం లేదు. ఆయన్ని జైలుకు పంపాలని చూసే ప్రాసిక్యూటర్ ఈథన్ థామస్ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మెథడిస్టు. విశ్వాసి దయ్యాన్ని కొట్టిపారేస్తుంటే, అవిశ్వాసి దానికి వకాల్తా పుచ్చుకుంటుంది. లారా లినీ ఎరిన్‌గా, టామ్ విల్కిన్‌సన్ ఫాదర్ మూర్‌గా, క్యాంబెల్ స్కాట్ ప్రాసిక్యూటర్‌గా నటించారు. ముగ్గురూ గొంతు పెంచకుండానే కోర్టు సీన్లను నిలబెట్టారు. చర్చి పెద్దలు ఫాదర్ మూర్‌ను నేరం ఒప్పుకుని బయటపడమంటారు. ఆయన ఒప్పుకోడు. శిక్ష పడినా సరే, ఎమిలీ కథ నలుగురికీ చెప్పాలన్నదే ఆయన పట్టు. విల్కిన్‌సన్ ఆ పట్టును అలసట నిండిన కళ్లతో పలికించాడు. సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

కథ చెప్పిన తీరు కూడా బాగుంది. ఒకే సంఘటనను రెండుసార్లు చూపిస్తాడు. డిఫెన్సు చెప్పేటప్పుడు క్లాసు గదిలో ముఖాలు కరిగి వికృతంగా మారతాయి. ప్రాసిక్యూషన్ చెప్పేటప్పుడు అదే అమ్మాయి ఫిట్స్ వచ్చి నేల మీద పడి ఉంటుంది. చేతుల మీది గాయాలు ఒకరికి క్రీస్తు గాయాల గుర్తులు, ఇంకొకరికి ముళ్లకంచె గీతలు. ఎమిలీగా జెన్నిఫర్ కార్పెంటర్ ఒళ్లు మెలిదిప్పిన తీరులో గ్రాఫిక్స్ సాయం చాలా తక్కువ. దాదాపు అంతా ఆమె శరీరమే. అందుకే చూస్తుంటే కడుపులో తిప్పుతుంది. 2 కోట్ల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన సినిమా ప్రపంచమంతా కలిపి 14 కోట్లకు పైగా వసూలు చేసిందంటే ఆశ్చర్యం లేదు.

అయితే ఈ సినిమా తన మూలానికి చేసిన మార్పుల్లో మూడు నన్ను ఇప్పటికీ కలవరపెడతాయి.

మొదటిది కాలం. అసలు కథలో 67 ప్రార్థనలు, పది నెలలు. సినిమాలో ఒక్క రాత్రి. హాలోవీన్ రాత్రి, గొడ్లపాకలో, వానా గుర్రాల సకిలింపులూ, ఆరు పేర్లు వరుసగా అరిచే గొంతు. సినిమాగా అది అద్భుతమైన ఘట్టం. కానీ అన్నెలీజ కథలోని ఘోరమంతా ఆ పది నెలల నిడివిలోనే ఉంది. పొద్దున లేచి కూతురి చెంపలు లోపలికి పోవడం చూసి, మధ్యాహ్నం భోజనానికి కూర్చుని, సాయంత్రం ప్రార్థన చేసుకుని పడుకున్న ఇల్లు అది. రోజూ ఇంకో రోజు చూద్దామనుకున్నారు. ఆకలితో చావడం నెమ్మదిగా జరిగే పని. దాన్ని ఒక్క రాత్రికి కుదిస్తే నిర్లక్ష్యం మాయమై యుద్ధం మిగులుతుంది. యుద్ధంలో ఓడినవాణ్ణి ఎవరూ నేరస్తుడనరు.

రెండోది బోను. అషాఫెన్‌బర్గ్‌లో తల్లీ తండ్రీ కూడా ముద్దాయిలు. సినిమాలో ఫాదర్ ఒక్కడే. తల్లిదండ్రులు సానుభూతికి పాత్రులైన సాక్షులుగా మిగిలిపోయారు. ఒక ఫాదర్ తన విశ్వాసం కోసం నిలబడ్డాడంటే అది వీరగాథ అవుతుంది. ప్రేమించిన ఇంట్లోనే ఒక పిల్ల తిండి లేక పోయిందంటే దాన్ని వీరగాథ చేయడం కుదరదు. హాలీవుడ్ ఆ రెండో కథ జోలికి పోలేదు.

మూడోది మందు. ఇది మిగతా రెండింటికన్నా ప్రమాదకరం. సినిమాలో సదీరా అదానీ అనే మానవశాస్త్రవేత్త బోనెక్కి, 'గాంబుట్రోల్' అనే మందు వల్లే క్రతువు పనిచేయకుండా పోయిందని, ఆ మందు ఎమిలీని దయ్యం గుప్పిట్లో బంధించేసిందని చెబుతుంది. గాంబుట్రోల్ అనే మందు లేదు, అది కల్పన. ఆ వాదన మాత్రం పూర్తిగా కల్పన కాదు. అన్నెలీజ కేసు మీద 1981లో పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త ఫెలిసిటాస్ గుడ్‌మన్ దాదాపు ఇలాంటి వాదనే చేసింది. ఆమె తప్పుబట్టిన మందు టెగ్రెటాల్. అంటే కార్బమజపైన్, ఇప్పటికీ ప్రపంచమంతా మూర్ఛకు వాడే మందు. మన దేశంలో మూర్ఛతో బతుకుతున్నవాళ్లు కోటి మందికి పైనే ఉంటారని అంచనా. వాళ్లలో ఎన్నో ఇళ్లల్లో పొద్దునా రాత్రీ వేసుకునే మాత్ర అది. ఆ మాత్రను హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తిరగబెట్టి ప్రాణం మీదికి రావచ్చని ఏ న్యూరాలజిస్టును అడిగినా చెబుతాడు. తెర మీద మాత్రం మందు ఆపడమే సరైనదేమో అన్న అనుమానం మెత్తగా, చదువుకున్న గొంతుతో, ప్రమాణం చేసిన సాక్షి నోట వినిపిస్తుంది. ఎదుటి పక్షం దాన్ని ఖండిస్తుంది, నిజమే. కానీ కెమెరా ఎవరి వైపు ఉందో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

చివరికి జ్యూరీ ఫాదర్ నేరస్తుడే అంటుంది, ఇప్పటిదాకా జైల్లో గడిపిన కాలమే శిక్షగా చాలని సిఫారసు చేస్తుంది. రెండు పక్షాలకూ తలా ఒక ముక్క దక్కింది. ఎరిన్ ముగింపు వాదన వింటే ఈ సినిమా ఏ పునాది మీద నిలిచిందో అర్థమవుతుంది. దయ్యం పట్టిందని ఆమె రుజువు చేయదు. పట్టే అవకాశం బొత్తిగా లేదని మీరు చెప్పగలరా అని జ్యూరీని అడుగుతుంది. సంశయం ముద్దాయికి లాభించాలన్న న్యాయసూత్రాన్ని తీసుకొచ్చి దయ్యానికి లాభించేలా తిప్పింది. వాదనగా ఎంత నేర్పైనదో అంత పొరపాటైనది. అషాఫెన్‌బర్గ్‌లో ఆ నలుగురి మీద ఉన్న అభియోగం దయ్యాన్ని నమ్మారని కాదు. దయ్యాన్ని నమ్ముతూనే డాక్టర్ని పిలవవచ్చు. ఒకటి చేస్తే రెండోది చేయకూడదన్న నియమం ఆ క్రతువు పుస్తకంలో కూడా లేదు.

నిజానికి దయ్యం మాటను కోర్టులు పూర్తిగా నమ్మిన కాలం ఒకటుంది. దాని ఫలితమేమిటో కూడా చరిత్రకు తెలుసు. 1634లో ఫ్రాన్స్‌లోని లూడన్‌లో కన్యాస్త్రీలకు దయ్యాలు పట్టాయన్నారు. జనం మధ్య క్రతువులు చేస్తుంటే ఆ దయ్యాలే ఉర్బాన్ గ్రాండియే అనే ఫాదర్ పేరు చెప్పాయి. మంత్రి రిషెల్యూ పక్షాన వచ్చిన న్యాయాధికారి ఆ మాటల్ని లెక్కలోకి తీసుకున్నాడు. సైతానుతో రాసుకున్నదంటూ ఒప్పంద పత్రం కూడా ప్రవేశపెట్టారు. ఆగస్టు 18న గ్రాండియేను సజీవంగా తగలబెట్టారు. పోలండ్ దర్శకుడు కవలెరోవిచ్ 1961లో 'మదర్ జోన్ ఆఫ్ ది ఏంజెల్స్', కెన్ రస్సెల్ 1971లో 'ది డెవిల్స్' తీసింది ఈ కథ మీదే. 1692లో అమెరికాలోని సేలంలో ఇంకో మెట్టు పైకెళ్లారు. ఫలానా ఆమె ఆత్మరూపం వచ్చి నన్ను గిల్లిందని ఒక పిల్ల చెబితే అదే సాక్ష్యం. పందొమ్మిది మందిని ఉరితీశారు. అలాంటి సాక్ష్యాన్ని పక్కన పెట్టాక, 1693లో కొత్త కోర్టు విచారణలు జరిపితే ముద్దాయిల్లో అత్యధికులు విడుదలయ్యారు. ఆర్థర్ మిల్లర్ 'ది క్రూసిబుల్' నాటకం ఆ ఊరి కథే. దయ్యం బోనెక్కి మాట్లాడడం మొదలుపెడితే ఎదుటివాడు క్రాస్ ఎగ్జామినేషన్ చేయలేడు. ఆధునిక న్యాయం దానికి తలుపు మూసింది ఈ అనుభవంతోనే.

ఆ తలుపు ఎంత గట్టిగా మూసిందో 1944లో అమెరికా సుప్రీం కోర్టు బాలర్డ్ కేసులో చెప్పింది. మహిమలతో రోగాలు నయం చేస్తామని డబ్బు వసూలు చేసిన 'ఐ యామ్' అనే మత బృందం మీద మోసం కేసు అది. ఒక మత విశ్వాసం నిజమా అబద్ధమా తేల్చే పని జ్యూరీది కాదని కోర్టు స్పష్టం చేసింది. నమ్మకాన్ని కోర్టు తూచదు. నమ్మకంతో చేసిన పనిని తూస్తుంది. ఎమిలీ రోజ్ సినిమాలో జ్యూరీ చేత చేయించబోయింది సరిగ్గా ఆ నిషిద్ధమైన పనే.

1981లో కనెటికట్ రాష్ట్రంలో ఒక లాయరు నిజంగానే ఆ ప్రయత్నం చేశాడు. ఇంటి యజమానిని కత్తితో పొడిచి చంపిన యువకుడు ఆర్నీ జాన్సన్ తరఫున, ఆ సమయంలో అతనికి దయ్యం పట్టి ఉందని వాదించబోయాడు. జడ్జి రాబర్ట్ కలహన్ ఆ వాదనను మొదట్లోనే తోసిపుచ్చాడు. రుజువు చేయలేని దాన్ని డిఫెన్సుగా ఒప్పుకోలేనన్నాడు. జ్యూరీ హత్యకు తక్కువైన మ్యాన్‌స్లాటర్ నేరంగా తేల్చింది. పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా శిక్ష పడింది, అయిదేళ్లకే బయటికొచ్చాడు. 2021లో వచ్చిన 'ది కంజూరింగ్: ది డెవిల్ మేడ్ మీ డూ ఇట్' ఈ కేసు పేరు చెప్పుకునే తీసిన సినిమా. కోర్టును రెండు మూడు సీన్లలో ముగించి, ఎక్కడా లేని ఒక మంత్రగత్తెను సృష్టించి ఆమె వెంట పరుగెత్తింది. చచ్చిపోయిన మనిషికి అందులో సొంత పేరు కూడా మిగల్లేదు. దాని గురించి ఇంతకన్నా రాయడం అనవసరం.

జర్మన్లు తమ కథను తామే చెప్పుకున్నది 2006లో. హాన్స్ క్రిస్టియన్ ష్మిడ్ తీసిన 'రెక్వియమ్'లో అమ్మాయి పేరు మిషేలా. కథ అన్నెలీజదే. ఇందులో కోర్టు లేదు, దయ్యం గొంతు లేదు, గాల్లో తేలే మంచాలు లేవు. ఇల్లు వదిలి చదువుకోవడానికి వెళ్లిన అమ్మాయి, మొదటిసారి డాన్సు, మొదటి స్నేహితుడు, భార్యకు జడిసే మెతక తండ్రి, ప్రేమను కఠినత్వంగా తప్ప చూపలేని తల్లి. రోజరీ పూసల్ని ముట్టుకోలేక వణికే చెయ్యి. సాండ్రా హ్యూలర్‌కు ఈ పాత్రతో బెర్లిన్‌లో ఉత్తమ నటిగా సిల్వర్ బేర్ వచ్చింది. పదిహేడేళ్ల తర్వాత 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్'లో ముద్దాయిగా బోనులో నిలబడింది ఈ నటే. క్రతువులు మొదలైన కొద్దిసేపటికే 'రెక్వియమ్' ఆగిపోతుంది, తర్వాతిదంతా తెర మీద కొద్దిపాటి అక్షరాలు. ప్రేక్షకుడికి దయ్యం భయం కలగదు. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారన్న భయం కలుగుతుంది. అందరూ ఆమె మేలు కోరినవాళ్లే. అంతమంది మంచివాళ్ల మధ్య ఆమె చనిపోయింది.

రుమేనియాలో జరిగినది ఇంకా కొత్త కథ. 'ఎమిలీ రోజ్' విడుదలైన 2005లోనే, దానికి మూడు నెలల ముందు, తనాకు అనే ఊరి మఠంలో మానసిక వ్యాధి ఉన్న ఒక యువతిని దయ్యం వదిలించడానికని శిలువకు కట్టేసి, రోజుల తరబడి తిండి లేకుండా ఉంచారు. ఆమె చనిపోయింది. ఫాదర్‌కు పద్నాలుగేళ్ల శిక్ష పడింది, అప్పీలులో ఏడేళ్లయింది. దాని ఆధారంగా క్రిస్టియన్ ముంజియు 2012లో 'బియాండ్ ది హిల్స్' తీశాడు. కాన్స్‌లో స్క్రీన్‌ప్లేకూ ఇద్దరు నటీమణులకూ బహుమతులు వచ్చాయి. ముంజియు గురి ఫాదర్ మీద ఒక్కడి మీదే లేదు. ఆ అమ్మాయిని మొదట ఆసుపత్రికే తీసుకెళతారు. అక్కడి డాక్టర్లు మందులు రాసిచ్చి, మఠంలోనే ప్రశాంతంగా ఉంటుందని తిప్పి పంపేస్తారు. అనాథగా పెరిగిన పిల్లకు వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు. డాక్టర్ని పిలవలేదని అషాఫెన్‌బర్గ్ కోర్టు తప్పుపట్టింది. డాక్టరే తలుపు వేస్తే ఏం చేయాలని ఈ సినిమా అడిగింది. మన దగ్గర జిల్లా ఆసుపత్రుల్లో సైకియాట్రిస్టు కోసం తిరిగి తిరిగి విసిగి, చివరికి దర్గాకో గుడికో విడుదల ప్రార్థనలకో తీసుకెళ్లిన కుటుంబాలకు ఈ ప్రశ్న విడమర్చి చెప్పనక్కర్లేదు.

తెలుగు ప్రేక్షకుడికి 2005 అంటే 'చంద్రముఖి' ఏడాది. మలయాళంలో 1993లో వచ్చిన 'మణిచిత్రతాళు' కథే కన్నడం మీదుగా తమిళానికి చేరి, అనువాదమై మన థియేటర్లలో ఊగిపోయింది. అక్కడ సైకియాట్రిస్టూ మంత్రవేత్తా కొట్టుకోరు. రోగి నమ్మకాన్ని వాడుకుని, ఒక నాటకం ఆడి, ఇద్దరూ కలిసి ఆమెను బయటికి తెస్తారు. వైద్యశాస్త్రం ఒప్పే పద్ధతేమీ కాదది. అయినా ఒక్క విషయంలో ఎమిలీ రోజ్ కన్నా నయం: ఆమె బతకాలన్నదే అందరి గురి. ఎవరి సిద్ధాంతం గెలవాలన్న పోటీ లేదు. మన ఆయుర్వేదం అష్టాంగాల్లో భూతవిద్యను ఒకటిగా పెట్టుకుని కూడా అపస్మారాన్ని, అంటే మూర్ఛను, మందుతో నయం చేయాల్సిన రోగాల జాబితాలో చేర్చింది. నమ్మకమూ వైద్యమూ ఒకే ఇంట్లో ఉండడం మనకు కొత్త కాదు. చిక్కల్లా ఒకటి రెండోదాన్ని ఇంట్లోంచి గెంటేసినప్పుడే.

మన చట్టం ఈ విషయంలో ఏమంటుందో చూస్తే అషాఫెన్‌బర్గ్ తీర్పు ఇంకా బాగా అర్థమవుతుంది. దయ్యమనుకుని మనిషిని చంపినవాణ్ణి మన కోర్టులు వదిలిపెట్టిన సందర్భాలున్నాయి. ఒరిస్సాలో 1958లో, పాడుబడిన విమానాశ్రయం దగ్గర దయ్యాలు తిరుగుతాయని ఊరంతా నమ్మే చోట, రామ్ బహదూర్ థాపా అనే నేపాలీ పనివాడు అర్ధరాత్రి మిణుకుమిణుకుమనే వెలుగులో కదిలే ఆకారాల మీదికి ఖుక్రీతో దూకాడు. వాళ్లు చెట్టు కింద లాంతరు పెట్టుకుని ఇప్పపూలు ఏరుకుంటున్న ఆదివాసీ స్త్రీలు. ఒకామె చనిపోయింది. నిజంగా దయ్యాలనే అనుకున్నాడు గనక, పొరపాటుపడి చేసిన పనికి పీనల్ కోడ్ 79వ సెక్షను రక్షణ ఇస్తుందని హైకోర్టు 1959లో అతని విడుదలను ఖాయం చేసింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 17వ సెక్షను. అయితే ఆ రక్షణ సద్భావంతో చేసిన పనికే. తగిన జాగ్రత్తా శ్రద్ధా లేకుండా చేసినదాన్ని సద్భావమని మన చట్టం ఒప్పుకోదు. చీకట్లో ఒక్క క్షణం కలిగిన భయాన్ని న్యాయం క్షమించగలదు. పది నెలలు పట్టపగలు చూస్తూ ఉండిపోయినదాన్ని క్షమించలేదు. అన్నెలీజ కేసు ఇక్కడ నడిచి ఉంటే నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడమనే సెక్షను కిందికే వచ్చేది, ఫలితమూ అటూఇటూగా అదే అయ్యేది.

అంతకన్నా ముందే, ప్రాణం పోకముందే, అడ్డుకునే చట్టం మహారాష్ట్ర 2013లో తెచ్చుకుంది, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య జరిగాక. దయ్యం వదిలిస్తామని కట్టేసి కొట్టడం, వైద్యానికి వెళ్లనీయకుండా ఆపడం అక్కడ నేరాలు. కర్ణాటక 2017లో అలాంటి చట్టమే చేసింది. చేతబడి, బాణామతి పేర్లతో ఎన్నో ప్రాణాలు పోయిన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. రావాలి. ఎవరి దేవుణ్ణీ ఎవరి ప్రార్థననూ అది ముట్టుకోనక్కర్లేదు. తిండి మానేసిన మనిషికి, ఫిట్స్ వస్తున్న మనిషికి డాక్టరును అడ్డుకోకూడదని చెబితే చాలు.

ఈ మాట అన్నెలీజ చావు తర్వాత కతోలిక చర్చి కూడా వేరే మార్గంలో ఒప్పుకుంది. 1614 నాటి క్రతువును వాటికన్ 1999లో సవరించింది. ఎవరికైనా దయ్యం పట్టిందని తొందరపడి నమ్మవద్దన్న హెచ్చరిక పాత పుస్తకంలోనూ ఉంది. కొత్తదానిలో రోగమా కాదా అన్నది వైద్యం, మానసిక శాస్త్రం తెలిసినవాళ్లను సంప్రదించి తేల్చుకోవాలన్నారు. 1973లో వచ్చిన 'ది ఎగ్జార్సిస్ట్' సినిమాలో సైతం తల్లి కూతుర్ని ముందు డాక్టర్ల చుట్టూ తిప్పి, అన్ని పరీక్షలూ అయ్యాకే ఫాదర్ దగ్గరికి వెళుతుంది. ఆ ఫాదరు కూడా సైకియాట్రిస్టే. క్లింగెన్‌బర్గ్‌లో ఆ పాటి జాగ్రత్త పడి ఉంటే అన్నెలీజ ఈపాటికి డెబ్బై దాటిన రిటైర్డు టీచరు.

విశ్వాసానికీ న్యాయానికీ మధ్య వాదన వినాలంటే 'ఎమిలీ రోజ్' చూడండి. విల్కిన్‌సన్ కోసం, కార్పెంటర్ కోసం కూడా. కానీ దాన్ని అన్నెలీజ మిషెల్ కథగా నమ్మవద్దు, అందులో మందు గురించి చెప్పిన మాట అసలే నమ్మవద్దు. మఠాన్నీ ఆసుపత్రినీ ఒకే చూపుతో చూసిన 'బియాండ్ ది హిల్స్' దానికన్నా పెద్ద సినిమా. వీటన్నిటిలో ఒక్కటే చూసే తీరిక ఉంటే మాత్రం 'రెక్వియమ్' చూడండి. ఆ అమ్మాయిని మనిషిగా చూపించిన సినిమా అదొక్కటే.